ప్రొలాక్టిన్ పెరిగితే పీయూష గ్రంథిలో కణితేనా? యాంటీఆండ్రోజెన్ మందులపై పరిశోధనలు ఏం తేల్చాయి

రక్తపరీక్ష నివేదికలో ప్రొలాక్టిన్ అంకె పక్కన ‘హై’ అని కనబడగానే చాలామంది ముందు ఫోన్‌లో వెతుకుతారు. అక్కడ నాలుగు వాక్యాలు చదివేలోపే ‘పీయూష గ్రంథిలో కణితి’ అనే మాట ఎదురవుతుంది. మొటిమలకో, అవాంఛిత రోమాలకో, పీసీఓఎస్‌కో మందులు వాడుతున్నవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ భయంలో కొంత నిజం ఉంది, కానీ అది తరచూ చూడాల్సిన చోటు కాకుండా పక్కచోటు చూస్తుంది. పురుష హార్మోన్ల పనిని అడ్డుకునే మందులకూ తలలో పెరిగే గడ్డలకూ సంబంధం ఉందా అని పదిహేనేళ్లకు పైగా జరుగుతున్న పరిశోధనల్లో గట్టి సాక్ష్యం దొరికింది పీయూష గ్రంథి విషయంలో కాదు. దానికి పొరుగునే ఉండే మెదడు పొరల విషయంలో.

రెండింటికీ మధ్య దూరం ఒకటి రెండు సెంటీమీటర్లే. ఏ గడ్డ ఎక్కడ పుట్టిందో, ఏ మందు దేనికి కారణమో తేల్చడం కష్టం కావడానికి ఈ ఇరుకు కూడా ఒక కారణం.

శనగగింజంత గ్రంథి, దానికి పైనుంచి కళ్లెం

ముక్కు మొదలుకు సరిగ్గా వెనక, పుర్రె అడుగు భాగంలో గుర్రపు జీను ఆకారంలో చిన్న గుంట ఉంటుంది. అందులో కూర్చున్న పీయూష గ్రంథి బరువు అర గ్రాము చుట్టుపక్కల. దాని మీదుగానే రెండు కళ్ల నుంచి వచ్చే దృష్టి నాడులు ఒకదాన్నొకటి దాటుకుని పోతాయి. పైనున్న హైపోథాలమస్‌తో దీన్ని సన్నని కాడ ఒకటి కలుపుతుంది.

ఈ గ్రంథి హార్మోన్లలో ఎక్కువ వాటికి హైపోథాలమస్ నుంచి ‘విడుదల చెయ్యి’ అనే ఆదేశం రావాలి. ప్రొలాక్టిన్ తీరు వేరు. దాన్ని తయారుచేసే కణాలు ఎవరూ చెప్పకపోయినా పని చేస్తూనే ఉంటాయి. హైపోథాలమస్ నుంచి కాడ గుండా నిరంతరం దిగివచ్చే డోపమైన్ వాటిని అదుపులో పెడుతుంది. కాబట్టి ప్రొలాక్టిన్ పెరగడానికి ఆ కణాలే గడ్డ కట్టాల్సిన అవసరం లేదు, డోపమైన్ అదుపు ఎక్కడ సడలినా చాలు. వాంతులకు, కడుపు ఉబ్బరానికి మన దేశంలో విరివిగా రాసే డాంపెరిడోన్, లెవోసల్పిరైడ్, మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్ ఆ అదుపును తీసేస్తాయి. థైరాయిడ్ మందగించినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ఏ గడ్డ అయినా కాడను నొక్కితే డోపమైన్ కిందికి దిగదు, అప్పుడూ పెరుగుతుంది.

గర్భిణుల్లో పీయూష గ్రంథి పరిమాణమే పెరుగుతుంది. ఈస్ట్రోజన్ ప్రభావంతో ప్రొలాక్టిన్ కణాల సంఖ్య పెరగడం దానికి కారణం. ఈస్ట్రోజన్‌తో పాటు యాంటీఆండ్రోజెన్ వాడేవారిలో అదే కణాలు అదుపు తప్పి కణితిగా మారతాయా అన్న అనుమానం ఇక్కడినుంచే మొదలైంది.

బెర్లిన్‌లో పుట్టిన మందు

అనుమానం ఎక్కువగా వాలింది సిప్రోటిరోన్ ఎసిటేట్ మీద. 1960ల మొదట్లో బెర్లిన్‌లోని షెరింగ్ కంపెనీ ప్రయోగశాలలో ప్రొజెస్టెరాన్‌ను పోలిన హార్మోన్‌గా దీన్ని తయారుచేశారు. పురుష హార్మోన్లను అడ్డుకునే గుణం దానికి ఉందని తరవాత బయటపడింది. అంటే ఇది రెండు వేషాలున్న మందు. ఒకవైపు టెస్టోస్టెరాన్ కూర్చోవాల్సిన గ్రాహకం మీద తానే కూర్చుంటుంది. మరోవైపు బలమైన ప్రొజెస్టెరాన్‌లా నటించి, ‘హార్మోన్లు చాలినన్ని ఉన్నాయి’ అని పీయూష గ్రంథిని నమ్మించి టెస్టోస్టెరాన్ ఉత్పత్తినే తగ్గిస్తుంది. ఈ రెండో వేషాన్ని గుర్తుంచుకోవాలి. కథ మలుపు తిరిగేది దాని దగ్గరే.

1970ల నుంచి యూరప్‌లో ఇది ప్రొస్టేట్ క్యాన్సర్‌కు, స్త్రీలలో అవాంఛిత రోమాలకు, తీవ్రమైన మొటిమలకు వాడుకలోకి వచ్చింది. ట్రాన్స్ మహిళల హార్మోన్ చికిత్సలో ఈస్ట్రోజన్‌కు తోడు మందుగా స్థిరపడింది. అమెరికాలో మాత్రం దీనికి ఎన్నడూ అనుమతి రాలేదు. అక్కడ ఆ స్థానంలో స్పైరోనోలాక్టోన్ వాడతారు. పరిశోధకులకు ఇది కలిసొచ్చింది: ఒకే అవసరానికి రెండు ఖండాల్లో రెండు వేర్వేరు మందులు వాడితే ఏం జరుగుతుందో పోల్చి చూసే అవకాశం దొరికింది.

ఆమ్‌స్టర్‌డామ్ లెక్కలు

2018లో ‘బ్రెయిన్’ పత్రికలో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. తమ ఆసుపత్రిలో హార్మోన్ చికిత్స పొందిన 2,555 మంది ట్రాన్స్ మహిళలు, 1,373 మంది ట్రాన్స్ పురుషుల వైద్య వివరాలను వెనక్కి వెళ్లి పరిశీలించారు. ట్రాన్స్ మహిళల్లో 8 మందికి మెనింజియోమా, అంటే మెదడును కప్పి ఉండే పొరల్లో పుట్టే గడ్డ, కనిపించింది. ప్రొలాక్టిన్ తయారుచేసే పీయూష గ్రంథి కణితి, అంటే ప్రొలాక్టినోమా, నలుగురిలో ఉంది. సాధారణ జనాభాలోని స్త్రీలతో పోలిస్తే రెండూ నాలుగు రెట్లకు కాస్త పైన ఉన్నాయి.

పైకి చూస్తే రెండు కణితులకూ ఒకే తీర్పు ఇచ్చినట్టే ఉంది. కానీ ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. అదే అధ్యయనంలో ట్రాన్స్ పురుషుల్లో, అంటే టెస్టోస్టెరాన్ వాడేవారిలో, పెరుగుదల హార్మోన్ తయారుచేసే పీయూష కణితులు రెండు కనిపించాయి. ఆ రెండు కేసులతోనే నిష్పత్తి 22 రెట్లు దాటింది! చాలా అరుదైన జబ్బులో ఒక్క కేసు అటూ ఇటూ అయినా నిష్పత్తి ఎంతగా ఊగుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. నలుగురిలో కనిపించిన ప్రొలాక్టినోమాను చదివేటప్పుడూ ఈ సంగతి మరవకూడదు.

మరో చిక్కు ఉంది. పీయూష గ్రంథిలో చిన్నచిన్న కణితులు చాలా సాధారణం. వేరే కారణాలతో చనిపోయినవారి శవపరీక్షల్లో పదిమందిలో ఒకరికి పైగా ఇలాంటివి కనిపిస్తాయి. వాటిలో అత్యధికం జీవితాంతం ఏ ఇబ్బందీ పెట్టవు. హార్మోన్ చికిత్సలో ఉన్నవారికి ప్రొలాక్టిన్ పరీక్ష మామూలుగా చేస్తుంటారు. కాస్త పెరిగితే ఎంఆర్ఐ తీస్తారు. ఎంఆర్ఐ తీస్తే ఎప్పటినుంచో ఉన్న చుక్కంత కణితి బయటపడుతుంది. వెతికినచోట దొరకడం వేరు, మందు వల్ల పుట్టడం వేరు.

మందు ప్రొలాక్టిన్‌ను పెంచుతుందనడంలో మాత్రం సందేహం లేదు. యూరప్‌లోని పలు క్లినిక్‌ల ఉమ్మడి అధ్యయనం ఒకటి 2021లో ఎనిమిది వందలకు పైగా ట్రాన్స్ మహిళల వివరాలతో వెలువడింది. సిప్రోటిరోన్ మోతాదు పెరిగేకొద్దీ ప్రొలాక్టిన్ కూడా పెరిగింది. మందు ఆపినప్పుడు తగ్గుతుందని ఇతర పరిశోధనల్లో తేలింది. స్పైరోనోలాక్టోన్ వాడే అమెరికన్ క్లినిక్‌లలో ఈస్ట్రోజన్ అదే అయినా ప్రొలాక్టిన్ పెద్దగా పెరగలేదు. అంటే ఆ పెరుగుదలలో ఈస్ట్రోజన్ కన్నా సిప్రోటిరోన్ వాటాయే ఎక్కువ. మందు ఆపగానే దిగిపోయే ప్రొలాక్టిన్ కణితికి గుర్తు కాదు, మందు పనిచేస్తోందనడానికి గుర్తు.

అసలు దోషి దొరికింది పక్కింట్లో

మెనింజియోమా అనే పేరు పెట్టింది అమెరికన్ న్యూరోసర్జన్ హార్వే కుషింగ్, 1922లో. గర్భం దాల్చినప్పుడు కొందరు స్త్రీల చూపు మందగించి, కాన్పు తరవాత మళ్లీ మెరుగుపడటాన్ని ఆ రోజుల్లోనే గమనించారు. పీయూష గ్రంథి ఉన్న గుంట అంచున పుట్టిన మెనింజియోమాలు గర్భకాలంలో ఉబ్బి దృష్టి నాడుల్ని నొక్కడమే దానికి కారణం. గర్భంలో ఎక్కువగా ఉండే హార్మోన్ ప్రొజెస్టెరాన్. మెనింజియోమాల్లో అధిక భాగానికి ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు ఉంటాయని దశాబ్దాల తరవాత తెలిసింది. సిప్రోటిరోన్ బలమైన ప్రొజెస్టెరాన్ వేషధారి అన్నది గుర్తుందిగా.

2008లో ఫ్రెంచ్ వైద్యులు తొలి హెచ్చరిక వినిపించారు. ఏళ్ల తరబడి సిప్రోటిరోన్ వాడిన తొమ్మిది మంది స్త్రీలకు మెదడులో ఒకటి కాదు, అనేక మెనింజియోమాలు ఉన్నాయని ఒక వైద్య సదస్సులో చెప్పారు. తొమ్మిది కేసులతో ఏదీ రుజువు కాదు. రుజువు కావాలంటే దేశమంత సమాచారం కావాలి. ఫ్రాన్స్‌లో అది ఉంది: ఆరోగ్య బీమా వ్యవస్థలో ప్రతి మందుల చీటీ, ప్రతి శస్త్రచికిత్స నమోదవుతాయి.

2021లో ‘బీఎంజే’లో వచ్చిన అధ్యయనం ఆ ఖాతాల నుంచే పుట్టింది. 2007–2014 మధ్య సిప్రోటిరోన్ మొదలుపెట్టిన 2,53,777 మంది బాలికలు, స్త్రీల వివరాలు తీసుకున్నారు. పోలిక కోసం వాళ్లు ఎంచుకున్న పద్ధతి మెచ్చుకోదగ్గది. మందే వాడనివాళ్లతో పోల్చకుండా, మందు మొదలుపెట్టి కొద్దిగా వాడి మానేసినవాళ్లతో పోల్చారు. తొలి ఆరు నెలల్లో మొత్తం 3 గ్రాములు దాటినవారు ఒక వర్గం, దాటనివారు మరో వర్గం. ఇద్దరిదీ దాదాపు ఒకే రకం సమస్య, ఒకే రకం వైద్యం. తేడా ఒంట్లోకి వెళ్లిన మందులోనే. లెక్కించింది కూడా ఎంఆర్ఐలో అనుకోకుండా కనబడిన చుక్కల్ని కాదు, ఆపరేషనో రేడియేషనో అవసరమైన మెనింజియోమాలను మాత్రమే. పీయూష కణితుల విషయంలో ఎదురైన ‘వెతికితే దొరికింది’ చిక్కు ఇక్కడ చాలావరకు తప్పింది.

ఫలితం ఇది. కొద్దిగా వాడినవారిలో ఏడాదికి లక్ష మందిలో 4.5 మందికి చికిత్స అవసరమైతే, ఎక్కువగా వాడినవారిలో 23.8 మందికి అవసరమైంది. వయసు వంటి తేడాలను సరిచేశాక ముప్పు 6.6 రెట్లు. మొత్తం వాడకం 60 గ్రాములు దాటినవారిలో 21.7 రెట్లు. ఏడాది పాటు మందు ఆపినవారిలో ముప్పు 1.8 రెట్లకు దిగింది.

మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరగడం, ఆపితే తగ్గడం. కార్యకారణ సంబంధాన్ని తేల్చడానికి ఈ రెండూ గట్టి ఆధారాలు. ఇతర సాక్ష్యాలూ తోడయ్యాయి. ఈ మందు వాడినవారి మెనింజియోమాలు ఎక్కువగా పుర్రె అడుగు భాగంలో, ముందువైపు పుడుతున్నాయి. మామూలు మెనింజియోమాల్లో తరచుగా ఉండే ఎన్ఎఫ్2 జన్యు మార్పు వీటిలో తక్కువగా, పీఐకే3సీఏ అనే మరో జన్యువులో మార్పు ఎక్కువగా కనిపిస్తోంది. అన్నిటికన్నా ఆశ్చర్యం, మందు ఆపితే ఈ గడ్డల్లో చాలావరకు కుంచించుకుపోతున్నాయి, లేదా పెరగడం మానేస్తున్నాయి. కపాలం తెరవాల్సిన ఆపరేషన్ ఒక మాత్ర మానేయడంతో తప్పిపోతోంది. అయితే గడ్డకూ మాత్రకూ ఉన్న సంబంధం వైద్యుడికి తట్టాలి.

ఇక్కడే ప్రాణం మీదికి వచ్చే పొరపాటు ఒకటి పొంచి ఉంది. పుర్రె అడుగున, పీయూష గ్రంథి పక్కనే పుట్టిన మెనింజియోమా గ్రంథి కాడను నొక్కితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. దృష్టి నాడుల కూడలిని నొక్కితే రెండు కళ్లకూ బయటి వైపు చూపు తగ్గుతుంది. ఎదురుగా ఉన్న మనిషి కనబడతాడు, పక్కనుంచి వచ్చే బైకు కనబడదు. ఇవే లక్షణాలు పెద్ద ప్రొలాక్టినోమాకూ ఉంటాయి. ప్రొలాక్టినోమా అనుకుని దానికి వాడే కాబర్గోలిన్ మొదలుపెడితే ప్రొలాక్టిన్ అంకె చక్కగా దిగుతుంది, రోగి ఊపిరి పీల్చుకుంటుంది. సిప్రోటిరోన్ మాత్రం కొనసాగుతుంది, గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

వేరు చేసే దారులు లేకపోలేదు. పెద్ద ప్రొలాక్టినోమా ఉంటే ప్రొలాక్టిన్ మిల్లీలీటరుకు 250 నానోగ్రాములు దాటడం మామూలు. కాడ మీద ఒత్తిడి వల్ల పెరిగితే సాధారణంగా 100 లోపే ఉంటుంది. గడ్డ పెద్దదై ప్రొలాక్టిన్ పెరుగుదల స్వల్పంగా ఉందంటే అనుమానించాలి. రంగు మందు ఎక్కించి తీసిన ఎంఆర్ఐలో మెనింజియోమా రూపు కూడా వేరుగా ఉంటుంది.

అరవై గ్రాములంటే ఎన్నాళ్లు?

‘సిప్రోటిరోన్’ అన్న పేరు తమ మాత్రల అట్ట మీద చూసి ఉలిక్కిపడేవాళ్లు మన దగ్గర చాలామందే ఉంటారు. పీసీఓఎస్‌కు, మొటిమలకు ఇక్కడ తరచుగా రాసే మాత్రల్లో ఇథినైల్ ఈస్ట్రాడయాల్‌తో పాటు 2 మిల్లీగ్రాముల సిప్రోటిరోన్ ఉంటుంది. చిన్న గుణకారం చాలు. నెలకు 21 మాత్రలంటే 42 మిల్లీగ్రాములు. ఏడాదికి 13 చక్రాలనుకుంటే అర గ్రాము పైచిలుకు. ఆ లెక్కన 60 గ్రాములు చేరడానికి వందేళ్లు దాటుతుంది.

ఫ్రెంచ్ స్త్రీలు వాడినది 50 మిల్లీగ్రాముల మాత్ర. నెలకు 20 రోజులు వాడితే నెలకో గ్రాము, ఐదేళ్లలో 60 గ్రాములు. రోజూ 50 మిల్లీగ్రాములు వాడే ట్రాన్స్ మహిళకు మూడేళ్ల నాలుగు నెలలు చాలు. రోజుకు 100 అయితే అందులో సగం కాలమే. అందుకే యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2020లో నియమాలు బిగించింది. రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపైన మోతాదును అవాంఛిత రోమాలు, మొటిమల వంటి సమస్యలకు ఇతర చికిత్సలు విఫలమైతేనే వాడాలంది. తక్కువ మోతాదు మాత్రలు వాడవచ్చు గానీ, మెనింజియోమా ఉన్నవారికి, గతంలో వచ్చినవారికి అవి కూడా వద్దంది. ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకేసి, దీర్ఘకాలం వాడేవారికి ఎంఆర్ఐ పరీక్షలు, రోగి సంతకం చేసిన సమాచార పత్రం తప్పనిసరి చేసింది.

పైన చెప్పిన 2021 అధ్యయనంలోనే మరో ముఖ్యమైన సంగతి బయటపడింది. ఈస్ట్రోజన్‌తో కలిపి వాడేటప్పుడు టెస్టోస్టెరాన్‌ను అణచడానికి రోజుకు 10 మిల్లీగ్రాముల సిప్రోటిరోన్, ఎక్కువ మోతాదులతో సమానంగా పనిచేసింది. దశాబ్దాలుగా వాడిన 50, 100 మిల్లీగ్రాములలో చాలా భాగం అనవసరమే అన్నమాట. ట్రాన్స్ ఆరోగ్యంపై 2022లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా 10 మిల్లీగ్రాములనే సూచించాయి.

మన దేశంలో ఈ సమాచారం చేరాల్సినవారికి చేరడమే కష్టం. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం హార్మోన్ చికిత్సను ప్రభుత్వ బాధ్యతల్లో చేర్చింది. అయినా స్నేహితుల మాట మీద, మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు కొనుక్కునే అలవాటు పోలేదు. హైదరాబాద్‌లో 2021లో ట్రాన్స్ వ్యక్తుల కోసమే తెరిచిన ‘మిత్ర్’ క్లినిక్ 2025 ఆరంభంలో అమెరికా నిధులు ఆగడంతో మూతపడింది. కొన్ని నెలల తరవాత టాటా ట్రస్ట్స్ సాయంతో ‘సబ్‌రంగ్’ పేరుతో తిరిగి తెరుచుకుంది. మోతాదు ఎంత, ఎన్నాళ్లుగా అని అడిగి లెక్క రాసే మనిషి ఉన్న చోటు ఒకటి మూతపడితే, ఇలాంటి మందు విషయంలో పోయేది తేదీలతో సహా ఆ లెక్కే.

ఇంజెక్షన్ సంగతి

సిప్రోటిరోన్ ఒక్కటే కాదని 2024 నాటి అధ్యయనం కూడా చూపింది. ఫ్రాన్స్‌లో మెనింజియోమా ఆపరేషన్ చేయించుకున్న 18,061 మంది స్త్రీలను, 90,305 మంది ఇతర స్త్రీలతో పోల్చారు. మూడు నెలలకోసారి ఇచ్చే గర్భనిరోధక ఇంజెక్షన్ మెడ్రాక్సీప్రొజెస్టెరాన్‌ను ఏడాదికి పైగా వాడినవారిలో ముప్పు 5.6 రెట్లు ఉన్నట్టు తేలింది. లెవోనార్జెస్ట్రెల్ ఉన్న గర్భాశయ సాధనంతో, ప్రొజెస్టెరాన్, డైడ్రొజెస్టెరాన్‌లతో అదనపు ముప్పు కనిపించలేదు.

మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2017 నుంచి ‘అంతరా’ పేరుతో ఉచితంగా ఇస్తున్నది ఈ మెడ్రాక్సీప్రొజెస్టెరానే. కంగారు పడేముందు అంకె వెనక అంకె చూడాలి. ఫ్రాన్స్‌లో ఈ ఇంజెక్షన్ వాడకం చాలా తక్కువ. 5.6 రెట్లన్న నిష్పత్తి మెనింజియోమా వర్గంలో తొమ్మిది మంది, పోలిక వర్గంలో 11 మంది వాడకం నుంచి వచ్చింది. మెనింజియోమా స్వతహాగా అరుదు. అవాంఛిత గర్భాల వల్ల వచ్చే ప్రమాదం అంత అరుదు కాదు. ఇంజెక్షన్ మానేయాలని ఈ అధ్యయనం చెప్పలేదు. అయితే ఏళ్ల తరబడి వాడుతున్న స్త్రీ తలనొప్పి తగ్గడం లేదనో, చూపు మసకబారిందనో వస్తే, ఏ ఇంజెక్షన్ ఎన్నాళ్లుగా తీసుకుంటోందో ఆరోగ్య కేంద్రంలో అడగడం మొదలవ్వాలి.

పురుషుల్లో వేరే ప్రమాదం

ప్రొస్టేట్ క్యాన్సర్‌లో పీయూష కణితి మరో దారిన బయటపడుతుంది. టెస్టోస్టెరాన్‌ను తగ్గించడానికి ఇచ్చే ల్యూప్రోలైడ్, ట్రిప్టోరెలిన్ ఇంజెక్షన్లు హైపోథాలమస్ పంపే సంకేతానికి నకళ్లు. అసలు సంకేతం గంటకో గంటన్నరకో ఒకసారి తరంగంలా వస్తుంది. నకలు విడవకుండా ఉంటుంది. ఎప్పుడూ మోగుతూ ఉండే గంటను చెవి పట్టించుకోవడం మానేసినట్టు పీయూష గ్రంథి కొన్ని వారాల్లో స్పందించడం మానేస్తుంది, టెస్టోస్టెరాన్ పడిపోతుంది. కానీ తొలి రోజుల్లో జరిగేది తలకిందులు: గ్రంథి గట్టిగా ఉత్తేజితమవుతుంది. ఈ తొలి ఉప్పెన క్యాన్సర్ కణాలను ప్రేరేపించకుండా చేయడానికి బైకలుటమైడ్ వంటి యాంటీఆండ్రోజెన్ మాత్రలు తోడిస్తారు.

మాత్రలు ప్రొస్టేట్ దగ్గర ఉప్పెనను ఆపగలవు, పీయూష గ్రంథి దగ్గర ఆపలేవు. అక్కడ ఎవరికీ తెలియని కణితి ముందే ఉంటే, ఆ ఉత్తేజానికి అందులో రక్తస్రావం కావచ్చు, లేదా రక్త సరఫరా ఆగిపోవచ్చు. చాలా అరుదు, కానీ వైద్య పత్రికల్లో మళ్లీ మళ్లీ నమోదైన ఘటన. ఇంజెక్షన్ తీసుకున్న కొన్ని గంటల నుంచి కొద్ది రోజుల్లోపు భరించలేని తలనొప్పి, వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, రెప్ప వాలిపోవడం దాని లక్షణాలు. ఇంట్లోవాళ్లు దాన్ని మందు పడలేదనో, వయసు మీద పడిందనో అనుకుంటే సమయం జారిపోతుంది. పీయూష గ్రంథి దెబ్బతింటే శరీరానికి కార్టిసాల్ అందదు, రక్తపోటు కూలిపోతుంది. వెంటనే హైడ్రోకార్టిసోన్ ఎక్కిస్తే ప్రాణం దక్కుతుంది. అత్యవసర విభాగంలోని డాక్టరుకు నిన్నో మొన్ననో ఆ ఇంజెక్షన్ వేయించుకున్నారన్న మాట చెప్పాల్సింది రోగి పక్కనున్నవాళ్లే.